బోయిగూడ అంతటికీ ఒకే మెయిలు

చెయ్యని ప్రయోగానికి మార్కులు పడ్డాయని ఫిర్యాదు చేసిన విద్యార్థిని నా ఉద్యోగ జీవితంలో ఆమె ఒక్కతే. తక్కువ పడ్డాయని ఏడ్చేవాళ్లు, ఒక్కటి కలపమని వెంటపడేవాళ్లు, అసలెందుకు పడలేదో అర్థం కానట్టు మొహం పెట్టేవాళ్లు నాకు కొత్త కాదు. ఈమె తీరు వేరు. నేను టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్ చేసింది.

“మేడమ్, ఆ ఫోన్ ల్యాబు ఒక్కసారి తెరిచి చూసిన గంతే, ప్రయోగం ఇంక చెయ్యనే లేదు. పోర్టల్ల జూస్తే పదికి తొమ్మిది పడ్డయి.”

“పడితే సంతోషమే కదమ్మా.”

“ఏం సంతోషం మేడమ్. చేస్తే పడ్డయంటే నాయి. చెయ్యకుంట పడ్డయంటే ఎవరియో. రేపు గిట్లనే సున్న పడితే ఎవర్ని అడగాలె?”

న్యాయమైన ప్రశ్న. జవాబు లేని ప్రశ్న ఎదురైతే నాకు ఇడ్లీ సహించదు. డబ్బా మూసేశాను.

నేను ఒక విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రంలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఆఫీసు సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే బస్తీలో. మా విద్యార్థులంటే వారమంతా ఎక్కడో ఒకచోట పనిచేసి, ఆదివారం తరగతికి వచ్చి మొదటి బెంచీలోనే కూర్చుని కునికిపాట్లు పడేవాళ్లు. ఫోన్ చేసినావిడది బోయిగూడ. మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర పని. బీఎస్సీలో థియరీ పేపర్లన్నీ ఎప్పుడో గట్టెక్కింది. ఆగింది ప్రాక్టికల్స్ దగ్గరే. వాటికి రెండు వారాలు వరసగా పనిరోజుల్లో క్యాంపస్‌కి రావాలి. రెండు వారాలు సెలవడిగితే దుకాణం యజమాని, “పో అమ్మా. నీ జాగల ఇంకొకామెను పెట్టుకుంట. పని బాగ చేసిందనుకో, ఆమెనే ఉంచుకుంట” అన్నాడట. అలా ఏటికేడు వాయిదా పడుతూ ఆమె రిజిస్ట్రేషన్ గడువు చివరి ఏడాదికి వచ్చింది. ఈసారి ప్రాక్టికల్స్ తప్పితే చదివిందంతా గంగలో కలిసినట్టే. డిగ్రీ చేతికొస్తే నాచారంలో మందులు తయారుచేసే కంపెనీ ల్యాబులో చేరాలని ఆమె ఆశ. మందులు అమ్మి అమ్మి విసిగిపోయాను, ఇక వాటిని పరీక్షించే చోట కూర్చుంటాను అనేది.

ఆమెలాంటి వాళ్ల కోసమే ఆ ఏడాది మా కమిటీతో పోట్లాడి ఒక వెసులుబాటు తెచ్చాను. సగం ప్రయోగాలు ఆదివారాల్లో మా ల్యాబులో చెయ్యాలి. మిగతా సగం ఎవరికి వీలైన వేళ వాళ్లు ఫోన్‌లో చేసుకోవచ్చు. ఆ మాట అనగానే మా డైరెక్టర్ నవ్వాడు.

“ఫోన్ల బ్యూరెట్ ఏందమ్మా? సినిమాల పెళ్లి లెక్క ఉంటది.”

“మన ల్యాబులో బ్యూరెట్‌కి ఐదుగురు సార్. ఒకరు పట్టుకుంటారు, నలుగురు చూసి రాసుకుంటారు. ఆ నలుగురికీ ఇన్నాళ్లూ మనం చూపించింది సినిమానే.”

కమిటీ ఒప్పుకుంది కానీ ఒక మెలిక పెట్టింది. పోర్టల్ మా విశ్వవిద్యాలయానిది. ఫోన్ ల్యాబు మాత్రం బెంగళూరు కంపెనీది. విద్యార్థి మా పోర్టల్లో బొత్తాం నొక్కితే నేరుగా ఆ ల్యాబులోకి వెళ్లాలి. ప్రయోగం చెయ్యగానే మార్కు తనంతట తానే వెనక్కి వచ్చి, మా పట్టికలో ఆ విద్యార్థి పేరు ఎదురుగా పడాలి. మధ్యలో ఎవరి చెయ్యీ తగలకూడదు. చేత్తో ఎక్కించిన మార్కుల మీద అంతకుముందు అయిన రభస ఎవరూ మర్చిపోలేదు. నెలాఖరులో కమిటీ మళ్లీ కూర్చుంటుంది. అప్పటికి ఈ రెండూ సరిగ్గా అతుక్కోకపోతే వెసులుబాటు రద్దు, అందరూ పాత పద్ధతిలో క్యాంపస్‌కే రావాలి. బోయిగూడ ఆవిడకు రావడం కుదరదు. అంటే కథ ముగిసినట్టే.

ఆ పూట నేరుగా మా కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. మంచివాడే. కాకపోతే ఏ సమస్య చెప్పినా ముందు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటాడు.

“మన సైడ్ అంతా పర్ఫెక్ట్ మేడమ్. ఏదన్న ఉంటే కంపెనీ సైడే.”

కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినవాడిది నెల్లూరు మాట.

“మా వైపు అంతా క్లీన్‌గా ఉందండీ. డేటా మీ వైపు నుంచే రావాలి కదండీ.”

“మీ వైపూ బాగుండి, మా వైపూ బాగుంటే, పాడైంది మధ్యలో కర్నూలా?” అని అడిగాను. అతను మర్యాదస్తుడు, టికెట్ రెయిజ్ చేస్తానన్నాడు. టికెట్ అంటే మా అర్జీకి వాళ్లిచ్చే నంబరు. ఆ నంబరు వచ్చింది. దాని వెనక ఇంకేమీ రాలేదు.

డైరెక్టర్ చెవిన పడింది. పిలిచి కూర్చోబెట్టాడు.

“ఎందుకు మేడమ్ ఈ తక్లీఫ్? కాలేదని రాసిచ్చేద్దాం. పిల్లలు క్యాంపస్‌కొచ్చి చేస్కుంటరు.”

“పిల్లలు కాదు సార్. పిల్లల తల్లులు. వాళ్లు రాలేకనే కదా ఇదంతా.”

“మీతోని మాట్లాడితే నేనే ముద్దాయి లెక్క అయిత.”

“కాకుండా ఉండటానికి నెలాఖరు దాకా టైముంది” అని లేచి వచ్చాను.

ఆదివారం తరగతిలో అడిగాను. తొమ్మిది ఎవరికి పడ్డాయని. బోయిగూడ వాళ్లందరూ చేతులెత్తారు. అందరూ ల్యాబు తెరిచి చూసినవాళ్లే, నిజంగా ప్రయోగం చేసింది మాత్రం ఒక్కడే. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు. ఆ తొమ్మిదీ అతనివి.

“నా కష్టం మేడమ్ అది. వీళ్లంత ఫ్రీగ పంచుకున్నరు” అన్నాడు.

“అడిగినమా నిన్ను? తీస్కపో నీ తొమ్మిది” అంది మందుల దుకాణం ఆవిడ.

కార్ఖానా వాళ్లకు పడలేదు. తిరుమలగిరి వాళ్లకు పడలేదు. బోయిగూడకే ఎందుకు? మీ అందరికీ ఉన్న పొత్తేమిటని అడిగాను. ఒకే బస్తీ అన్నారు. కంప్యూటర్‌కి బస్తీ తెలియదన్నాను. అడ్మిషన్ ఫారం ఎక్కడ నింపారంటే అందరూ ఒకే మాట చెప్పారు. స్టేషన్ వెనక నెట్ సెంటర్.

“మరి మెయిలు ఎవరిదిచ్చారు?”

“మెయిలా? అన్ననే పెట్టిండు మేడమ్. ఆయనదే పెట్టిండు.”

తరగతి అయ్యాక ఆటో పట్టుకుని నెట్ సెంటర్‌కే వెళ్లాను. మా ఇంట్లో మాట్లాడేది గుంటూరు యాస, గేటు దాటితే సికింద్రాబాద్ యాస. పోట్లాటకి రెండోదే అక్కరకొస్తుంది. దారంతా నాలుక పదును పెట్టుకుంటూ వెళ్లాను.

రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, నిలబడటానికి కూడా చోటు లేనంత జనం. మధ్యలో అతను.

“ఏమయ్యా, మా స్టూడెంట్లందరికీ నీ మెయిలే పెట్టినవంట. ఏం పని ఇది?”

“మరి ఎవరిది పెట్టాలె మేడమ్?”

“ఎవరిది వాళ్లకు చేసియ్యాలె.”

“చేసిచ్చిన. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చిన. వారం తిరగకముందే చీటీ పోయిందని ఒకరు, మర్సిపోయిన అని ఒకరు. ఓటీపీ రాదు, ఫారం ముందటికి పోదు, ఎనక లైన్ల ఉన్నోళ్లు నన్ను తిడ్తరు. నాది పెడితే ఓటీపీ నాకే వస్తది, ఖటక్ మని పని అయితది. రేషన్ కార్డుకు నాదే, స్కాలర్‌షిప్‌కు నాదే.”

“మా యూనివర్సిటీ పంపే మెయిళ్లన్నీ నీకే వస్తున్నయన్నమాట.”

“దినాం వస్తయి. డియర్ స్టూడెంట్, డియర్ స్టూడెంట్ అని. అన్ని చదువుత. బయట చూడలేదా?”

బయటికొచ్చి చూశాను. గుమ్మం పక్కన నల్లబోర్డు. మా పరీక్ష ఫీజు చివరి తేదీ, ఆదివారం తరగతుల వేళలు, అన్నీ సుద్దముక్కతో రాసి ఉన్నాయి. మా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఇంకా పోయిన సెమిస్టర్ తేదీలే ఉన్నాయి. తిట్టడానికి వచ్చినదాన్ని కాబట్టి కొంత తిట్టాను.

“ఊరందరి ఓటీపీలు నీ జేబులో పెట్టుకోవడం మంచిది కాదు. రేపు ఎవడన్నా నీ ఫోన్ ఎత్తుకుపోతే?”

“నిజమే మేడమ్. కొత్తోళ్లకు ఇంక వాళ్లయే చేస్త. పాతోళ్లయి అయితే నేను మార్చలేను, మీ పోర్టల్ ఇయ్యది. మార్చాలంటే పాత మెయిల్‌కు ఓటీపీ పంపుతది.”

“పంపితే?”

“నాకే వస్తది గద. అందరు ఒక్కసారి నా దుకాణం ముందట లైన్ కట్టాలె. వాళ్లకు పని ఇడిచేది రాత్రికి. అప్పటికి నేను షట్టర్ దింపుత.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంతా తేటపడింది. మా పోర్టల్ మనిషిని హాల్ టికెట్ నంబరుతో గుర్తుపడుతుంది. దానికి మెయిలు ఒక అలంకారం. కంపెనీ ల్యాబు మాత్రం మెయిలుతో గుర్తుపడుతుంది. బొత్తాం నొక్కినప్పుడల్లా మా పోర్టల్ హాల్ టికెట్ నంబరుతో పాటు విద్యార్థి పేరు, మెయిలు కూడా అక్కడికి పంపుతోంది. అక్కడివాళ్లు చూస్తే బోయిగూడ అంతా ఒకే మనిషి. ఆ ఒక్క మనిషి తొమ్మిది తెచ్చుకుంటే అందరికీ తొమ్మిదే. రేపు ఇంకొకరు చేసి రెండు తెచ్చుకుంటే అందరికీ రెండే.

సోమవారం ఇన్‌చార్జికి ఇదంతా చెప్పాను. అతను ఈసారి కుర్చీ వెనక్కి జరపలేదు.

“అడ్మిషన్ల అప్‌లోడ్ అప్పుడే సిస్టమ్ ఆపింది మేడమ్, ఒకే మెయిలు చానామందికి ఉందని. ఆపితే అడ్మిషన్లు ఆగుతయని, ఒకే మెయిలున్నా తీస్కొమ్మని టిక్ పెట్టిన.”

“బాగుంది. నెట్ సెంటర్ అన్న కూడా అచ్చం నీలాగే ఆలోచించాడు.”

“ఇప్పుడు ఒకటే దారి. అందరితోని కొత్త మెయిళ్లు తీయిద్దాం.”

“నెలాఖరులోపు? బోయిగూడ సంగతి సరే. వరంగల్ బస్టాండు దగ్గర ఇంకో అన్న ఉండడా? నిజామాబాద్‌లో ఉండడా? ఎంతమంది వెంట పడతావు?”

అతని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ ల్యాబుని పోర్టల్‌కి తగిలించిన పేజీ తెరిపించాను. వరసగా గడులున్నాయి. ఒక గడిలో విద్యార్థి పేరు పంపాలా అని ఉంది. ఎప్పుడూ పంపు అని పెట్టారు. ఇంకో గడిలో మెయిలు పంపాలా అని ఉంది. అక్కడా ఎప్పుడూ పంపు అనే.

“ఈ రెంటినీ పంపొద్దు అని పెట్టు.”

“అది ముట్టుకోవద్దు మేడమ్. డిఫాల్ట్ అది.”

“డిఫాల్ట్ అంటే బ్రహ్మరాతా?”

“పేరు లేక, మెయిలు లేక, వచ్చింది ఎవరో వాళ్లకెట్ల తెలుస్తది?”

“హాల్ టికెట్ నంబరు పోతోంది కదా. దాంతో తెలుసుకోమను. రాష్ట్రం మొత్తం మీద ఒకరి నంబరు ఇంకొకరికి ఉండదు.”

“కంపెనీ ఒప్పుకోదు” అన్నాడు. ఒప్పించే పని నాకు వదిలెయ్యమన్నాను.

డైరెక్టర్ గదిలో మీటింగు పెట్టించాను. గోడ మీద తెరలో నెల్లూరు అబ్బాయి. విషయమంతా విని తల అడ్డంగా ఊపాడు.

“చెయ్యొచ్చండీ, కానీ మేం సజెస్ట్ చెయ్యం. పేర్లు రాకపోతే టీచర్‌కి ఉత్త నంబర్లే కనిపిస్తాయండీ. ఎవరు ఎవరో తెలియకుండా ఎలా ఇవాల్యుయేట్ చేస్తారండీ?”

డైరెక్టర్ కూడా తలూపాడు. “అది సుత పాయింటే. పేరు తెల్వకుండ మార్కులెట్ల ఏస్తం?”

ఇంత మంచి బంతి నాకు ఎవరూ ఎన్నడూ వెయ్యలేదు.

“బాబూ, డిగ్రీ ఎక్కడ చదివావు?”

“నెల్లూరులోనేనండీ.”

“నీ జవాబు పత్రం దిద్దినాయనకు నీ పేరు తెలుసా?”

తెరలో అతను నొసలు రుద్దుకున్నాడు.

“తెలియదండీ. పై ముక్క చించేసి కోడ్ వేస్తారు కదండీ.”

“మరి నీకు మార్కులెలా వచ్చాయి? నీవి నీకే ఎలా చేరాయి?”

అతను నవ్వేశాడు. నేను డైరెక్టర్ వైపు తిరిగాను. ఈ కుర్చీలోకి రాకముందు ఆయన ఉద్యోగమంతా పరీక్షల విభాగంలోనే గడిచింది. కోడింగ్ గదికి తాళం వేసి, తాళంచెవి బనీను లోపల దాచుకునేవాడని మా అటెండర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

“సార్, పేరు చూడకుండా మార్కులెయ్యడం మనకు కొత్తా? ఆ గదిలో మీరు ఎన్నేళ్లు కూర్చున్నారు?”

ఆయన వెన్ను నిటారైంది.

“నా సర్వీసంత అండ్లనే పోయింది. పేరు తెలిస్తేనే పరేషాని. పేరు తెలిసిందంటే ఫోన్లు షురూ. మా బావమరిది కొడుకు, మా పక్కింటి పిల్ల అని.” తెర వైపు చూపుడువేలు ఎత్తాడు. “ఏం బాబు, పేరు పంపం. మెయిల్ పంపం. నంబరే పంపుతం. డీకోడింగ్ మా దగ్గరనే అయితది. మీరు నంబరు మీద మార్కు ఎనక్కి పంపుండ్రి, బస్.”

“అలాగేనండీ. పాత అకౌంట్లు తుడిచేసి కొత్తగా మొదలుపెడతాం. కానీ సార్, ఇది మేడమ్ గారి…”

“ఎవరు చెప్తే ఏంది? చెయ్యుండ్రి.”

ఆ తర్వాత ఆయన ఎక్కడికి మీటింగుకి వెళ్లినా ఈ కోడింగ్ ఉపాయం తనదేనని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను పక్కనున్న మీటింగుల్లో మాత్రం, “మా మేడమ్ జెర గుర్తు చేసింది” అని కలుపుతాడు. కలిపేదాకా నేను ఆయన మొహం వైపే చూస్తూ కూర్చుంటాను.

నెలాఖరుకు కమిటీ కూర్చుంది. కాగితాల మీద చెబితే నమ్మరని, వాళ్ల కళ్లెదుటే చేసి చూపిస్తానన్నాను. ఒకే నెట్ సెంటర్‌లో ఫారం నింపిన ముగ్గురు, ఒకే మధ్యాహ్నం, ఎవరి పనిచోట వాళ్లుండి ఒకే ప్రయోగం చెయ్యాలి. పార్సిల్ ఆఫీసు కుర్రాడు, టైలరింగ్ షాపులో పనిచేసే ఒకమ్మాయి, మందుల దుకాణం ఆవిడ. ఆమ్లంలోకి క్షారాన్ని చుక్క చుక్కగా వదిలి, గులాబి రంగు మొదటిసారి లేతగా కనబడిన చోట ఆపాలి. ఎంత సరిగ్గా ఆపితే అన్ని మార్కులు.

గోడ మీద మా మార్కుల పట్టిక. ముగ్గురి ఎదురుగా ఖాళీ. డైరెక్టర్ టీ తాగడం మర్చిపోయాడు. ఇన్‌చార్జి మౌస్ మీద చెయ్యి తియ్యట్లేదు. కుర్రాడి వరసలో ఎనిమిది పడింది. నేను ఆ ఎనిమిదిని చూడలేదు, దాని కింద వరసల్ని చూశాను. ఖాళీగానే ఉన్నాయి. ఒక గడిలో పడింది పక్క గడిలో పడకపోవడం ఇంత అందంగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. కాసేపటికి టైలరింగ్ అమ్మాయికి ఏడు. కుర్రాడి ఎనిమిది ఎనిమిదిగానే నిలిచింది.

మందుల దుకాణం వరస మాత్రం ఖాళీ. కమిటీలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. “ఆమెది పోయినట్టుంది మేడమ్” అన్నాడు ఇంకొకాయన, సానుభూతితో. కమిటీ వాళ్ల సానుభూతి నేను భరించలేను.

“దుకాణంలో మనిషి సార్ ఆమె. గిరాకీ వచ్చుంటుంది. మనకోసం బీపీ పేషెంట్లు ఆగరు” అన్నాను.

అప్పుడు పడింది. ఆరు. ఆమె గడిలో, ఆమె ఒక్కదాని గడిలో.

మూడు వరసలు, మూడు వేరువేరు మార్కులు. ఛైర్మన్ సంతకం పెట్టాడు. వెసులుబాటు ఖాయమైంది, మా కెమిస్ట్రీకే కాదు, ఫిజిక్సుకి, బోటనీకి కూడా. ఇన్‌చార్జి లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అతను కుర్చీలోంచి తనంతట తాను లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది.

“మేడమ్, ఆరేనా?”

“ఆరే. నువ్వు చేసినదానికి ఆరు.”

“మంచిగ చేసిన మేడమ్. ఫోన్ కౌంటర్ కింద పెట్టుకుని చుక్కలు ఇడుస్తున్న. గప్పుడే ఒకాయన బీపీ గోలీలు అడిగిండు. తీసిచ్చి చూసేవరకు రంగు ముదిరింది.”

“ట్యాపు మూసి ఇయ్యాల్సింది గోలీలు.”

“ఆయన ఆగుతలేడు మేడమ్, బస్సుందట. ఒక్క మార్కు కలపుండ్రి.”

“నేను కలపలేను. ఎవరి చెయ్యీ తగలకూడదని కమిటీ రాసింది.”

“గట్లెందుకు రాసిన్రు మేడమ్?”

“నీ మార్కు నీకే పడాలని. పాసుకి నాలుగు చాలు, నీకు ఆరొచ్చింది. చాలకపోతే మళ్లీ చెయ్యి. ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు.”

“చేస్త. పార్సిల్ ఆఫీసాయనకు ఎనిమిది వస్తే నాకు ఆరెందుకుండాలె? మధ్యాహ్నం మూడింటికి గిరాకీ ఉండది, గప్పుడు చేస్త” అని పెట్టేసింది. థాంక్స్ చెప్పలేదు. నాకు ఆ మాట మీద పెద్ద మోజు కూడా లేదు.

మిగతా ప్రయోగాలన్నీ ఆ మధ్యాహ్నం మూడింటి వేళల్లోనే చేసింది. ఒక్కోటి రెండేసి, మూడేసి సార్లు. ఆదివారాలు మా ల్యాబుకి వచ్చినప్పుడు బ్యూరెట్ ముందు ఎవరినీ నిలబడనిచ్చేది కాదు, జరుగుండ్రి జరుగుండ్రి అంటూ. ఫలితాలొచ్చాయి. ప్రాక్టికల్స్ పాసు, డిగ్రీ పాసు. సర్టిఫికెట్ తీసుకోవడానికి ఆమె కార్ఖానాకి వచ్చిన రోజు పని దినమే.

“దుకాణంలో సెలవిచ్చాడా?” అని అడిగాను.

“అడగలే మేడమ్. ఇంకొకామెను పెట్టుకొమ్మని చెప్పి వచ్చిన.”